సముద్రపొడ్డు జెర్రికి సున్నా మార్కులు

జువాలజీ లెక్చరర్లుగా కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవంతో ఏదైనా సలహా చెప్పండి" అని అడుగుతుంటారు. టీ ఇస్తాను, సలహా ఇవ్వను. సలహా చెప్పాలంటే ముందు నాకేదో తేలి ఉండాలి కదా. వరంగల్‌లో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను గానీ కొన్ని సంగతులు నాకు ఇప్పటికీ తేలలేదు. అందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఒక జెర్రి. వేలెడంత కూడా లేదు. దాని సంగతి రాస్తాను. చదివాక ఎవరి తప్పో మీకు తేలితే వచ్చి చెప్పండి, అప్పుడూ టీ ఇస్తాను.

జాడీని చదివే పిల్లలు

ముందు స్పాటర్లంటే ఏమిటో చెప్పాలి. డిగ్రీ ప్రాక్టికల్ పరీక్ష రోజున ల్యాబు బల్లల మీద వరసగా గాజు జాడీలు పెడతాం. ఒక్కో జాడీలో ఫార్మలిన్‌లో నానుతున్న ఒక జంతువు. పేరున్న చీటీ మీద ఇంకో కాగితం అంటించి నంబరు వేస్తాం. గంట కొట్టినప్పుడల్లా పిల్లలు ఒక జాడీ నుంచి ఇంకో జాడీకి జరుగుతారు. లోపలున్నది ఏమిటో, ఏ వర్గానిదో, ఎక్కడ బతుకుతుందో రాయాలి. ఆ జాడీలే స్పాటర్లు.

పిల్లలు జంతువును చదవరు, జాడీని చదువుతారు. మూత పగిలిన జాడీ అయితే సముద్రపు గుర్రం, అడుగున మడ్డి పేరుకున్నదైతే జలగ. సీనియర్లు జూనియర్లకు చెప్పే రహస్యాలు ఇవే. ఒకసారి నాకు కోపమొచ్చి జాడీలన్నీ మార్చేశాను. ఆ ఏడు క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల జలగను చూసి సముద్రపు గుర్రమని నిండా ఒక పేజీ రాసింది. అయినా వాళ్ళను పూర్తిగా తిట్టలేను. ఫార్మలిన్ రంగులన్నీ తినేస్తుంది. ఎర్రదైనా నల్లదైనా కొన్నాళ్ళకు అన్నం మెతుకు రంగుకొస్తుంది. నేనే ఒకటి రెండుసార్లు చీటీ ఎత్తి చూసుకోవాల్సి వచ్చింది.

మా డిపార్ట్‌మెంటుకు హెడ్డుగా ఉన్నాయన కోస్తా మనిషి. సముద్రం ఒడ్డు ఊరు. మంచివాడే, కాకపోతే తన ఊళ్ళో లేనిది లోకంలో ఎక్కడా ఉండదని నమ్మే రకం మంచివాడు. సెలవు అడిగితే ఇచ్చేవాడు, సందేహం అడిగితే విసుక్కునేవాడు. మీకూ ఇటువంటి హెడ్డే దొరుకుతాడు, ఫికర్ పడకండి.

రాయి కింద ఉన్నది

ఇది డెబ్బైల నడుమ సంగతి. పిల్లల్ని విశాఖపట్నం టూరుకు తీసుకుపోవాలి. సముద్ర జీవుల పాఠం ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెబుతున్నాం. ఆడపిల్లల ఇళ్ళలో ఒప్పుకోరు. నేనే ఇల్లిల్లూ తిరిగాను.

అందులో ఫిలోమిన అనే పిల్ల వాళ్ళది మడికొండ అవతల ఒక పల్లె. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. ఆదివారం పూజ అయ్యాక చర్చి దగ్గరే ఆ తల్లిని పట్టుకున్నాను.

"సముద్రం కాడ ఏమున్నది టీచరమ్మా?" అంది.

"జంతువులుంటయ్ అక్కా. చూస్తే చదువు మంచిగ తలకెక్కుతది."

"జంతువులు మా ఇంట్ల లేవా? ఒకసారి రా, చూపిస్త."

నవ్వింది గానీ చివరికి పంపింది. ఎందుకు పంపిందో కూడా చెప్పింది. ఫిలోమిన అప్పటికే పొద్దున పూట కాన్వెంటు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెబుతోంది. డిగ్రీ పాసైతే అక్కడే టీచరుగా తీసుకుంటామని, ఫలితాలొచ్చేదాకా ఆ జాగా ఖాళీగా ఉంచుతామని సిస్టర్ మాటిచ్చారు. తప్పితే మాత్రం ఇంకొకరిని చూసుకుంటారు. ఆ ఇంట్లో అందరి ఆశ ఆ ఒక్క జాగా మీదే.

విశాఖలో నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బండల మధ్య తిరుగుతున్నాం. మిగతా పిల్లలు పీతల వెంట పరుగెత్తుతుంటే ఫిలోమిన ఒక్కతే కూర్చుని రాళ్ళు ఎత్తి చూస్తోంది. నన్ను పిలిచింది.

"మేడం, గిండ్ల జెర్రి ఉన్నది."

"జెర్రి ఏంది, నీరిస్ అయ్యుంటది. జర మంచిగ చూడు," అన్నాను. నీరిస్ అంటే సముద్రపు పురుగు. దానికీ రెండు పక్కలా బారుగా కాళ్ళలాంటివి ఉంటాయి, చూడగానే జెర్రి అనిపిస్తుంది.

"చూసిన మేడం. మా ఇంటెనుక గోడలల్ల ఉండేటియే గిసొంటియి."

వంగి చూశాను. ఇటుక రంగులో దారప్పోగులా సన్నగా ఉంది. కాళ్ళకు కణుపులున్నాయి, తల మీద మీసాలున్నాయి. జెర్రే. నాకు మతి పోయింది. జెర్రి ఒంటి పక్కనున్న రంధ్రాలతో గాలి పీల్చుకుంటుంది. తడి మట్టిలో, ఆకుల కింద బతుకుతుందని నేనే క్లాసులో చెప్పాను. ఆ రాయి ఉన్నచోటికి రోజూ సముద్రం వస్తుంది. నీళ్ళొస్తే ఇది మునిగి చావాలి. లేదా నీళ్ళు రాకముందే ఎటన్నా పారిపోవాలి. లేదా ఎక్కడినుంచో ఆ పూటే వచ్చి పడి ఉండాలి. ఈ మూడింటిలో ఏది?

ఫిలోమిన జడ రిబ్బను ఊడదీసి ఆ రాయికి కట్టింది. నీళ్ళొచ్చి పోయాక మళ్ళీ చూద్దామంది. ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. నీళ్ళు వచ్చాయి, బండలన్నీ మునిగాయి, చాలాసేపటికి మళ్ళీ వెనక్కి పోయాయి. దిగి చూస్తే రిబ్బను లేదు. తడిసిన రాళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఫిలోమిన ఒక రాయి ఎత్తింది. కింద జెర్రి కదులుతోంది.

"గిదే రాయి మేడం."

నాకేమో ఆ రాయి ఇంకొంచెం ఎడమకు ఉన్నట్టు గుర్తు. అదే రాయా, అదే జెర్రా, చెప్పలేకపోయాను. ఈలోగా తక్కిన పిల్లలు ఆకలని గోల మొదలుపెట్టారు. దొరికిన నాలుగైదు జెర్రుల్ని పచ్చడి సీసాలో తడి నాచు వేసి పట్టుకుని బయల్దేరాం.

బండి డోర్నకల్‌లో ఆగి ఎంతకీ కదల్లేదు. ఎండకు సీసాలో నాచు ఎండిపోతోంది. పాపమని ఫిలోమిన ప్లాట్‌ఫారం మీది నల్లా నీళ్ళు పట్టి పోసింది. నేను చూసేసరికే పోసేసింది. ల్యాబుకు తెచ్చి చూస్తే కొన్ని చచ్చాయి, రెండు బతికున్నాయి. చచ్చినవి మంచినీళ్ళకు చచ్చాయా, ఎండకా, సీసాలో మిగిలిన పచ్చడి కారానికా? బతికిన రెండింటిలో ఒకదాన్ని వంటుప్పు కలిపిన నీళ్ళలో వేశాను, ఇంకోదాన్ని తడి మట్టిలో పెట్టాను. మట్టిలోది ముందు చచ్చింది. నాకు సంతోషం ఆగలేదు. పోయి హెడ్డుకు చెప్పాను.

"వంటుప్పు సముద్రం ఎట్లా అవుతుందమ్మా?" అన్నాడాయన. "నేను పుట్టిందే సముద్రం ఒడ్డున. చేపలు తిన్నాను, పీతలు తిన్నాను. జెర్రిని మాత్రం చూళ్ళేదు. ఎవరి కట్టెల మోపులోంచో పడుంటుంది, వదిలెయ్."

ఆయన మాటలో మొదటి సగం నిజమే, అందుకే ఇంకా మంట. వదలలేదు. అన్నిటినీ జాడీలో వేసి ఫార్మలిన్ పోసి, చీటీ మీద 'జెర్రి' అని రాసి, కింద చిన్నగా 'సముద్రపొడ్డు' అని చేర్చాను.

బిర్యానీ చల్లారింది

పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక ఎగ్జామినర్ వస్తాడు. ఎక్స్‌టర్నల్ అంటాం. స్టేషనుకు పోయి తీసుకురావడం, టిఫిను, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మళ్ళీ బండెక్కించడం అన్నీ మా డిపార్ట్‌మెంటు పని. ఆయన మాటకు ఎదురు చెప్పకూడదన్నది ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలుసు. కొత్తవాళ్ళకు ఒక మాట చెబుతాను. ఎక్స్‌టర్నల్‌కు బాగా తినిపించిన కాలేజీలో పిల్లలు బాగా పాసవుతారు. ఇది సిగ్గుపడాల్సిన మాటే. అయినా చూసిందే చెబుతున్నాను.

స్పాటర్లు బయట పెట్టే పని ఆ ఏడు నాది. నీరిస్ జాడీలో ఫార్మలిన్ ఎండి పురుగు పిండిపిండి అయింది. దాని బదులు ఈ జెర్రి జాడీ పెట్టాను. వేరే జాడీలు లేవా అంటే ఉన్నాయి. మరి దీన్నే ఎందుకు పెట్టానంటే, హెడ్డు మీద పంతమా, ఫిలోమినకు తెలిసిందొకటి అడగాలన్న ప్రేమా, పిల్లలు కళ్ళు తెరిచి చూస్తారా లేదా అన్న పరీక్షా? అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచించినా తెలియడం లేదు.

సగం మంది నీరిస్ అని రాశారు. మిగిలినవాళ్ళు జెర్రి, తడి మట్టి అని రాశారు. ఫిలోమిన మాత్రం జెర్రి, సముద్రపొడ్డున రాళ్ళ కింద, నీళ్ళొచ్చి ముంచినా బతుకుతుంది అని రాసింది. అప్పటికే రొయ్య డిసెక్షన్‌లో నరం తెంపుకుని ఏడ్చి ఉంది. ఇక స్పాటర్లు, ఓరల్ మార్కులే ఆమెను గట్టెక్కించాలి.

ఓరల్‌లో ఎక్స్‌టర్నల్ ఆ జాడీనే ముందు పెట్టుకున్నాడు. పక్క కుర్చీలో నేను.

"ఏమ్మా, ఇది సముద్రంలో బతుకుతుందని రాశావు. ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంల లేదు సార్. చూసిన."

"ఏం చూశావు?"

"నీళ్ళు రాకముందు రాయి కింద ఉన్నది సార్. నీళ్ళు పోయినంక చూసినా ఉన్నది."

"అదే జెర్రి అని గుర్తేమిటి?"

ఫిలోమిన నావైపు చూసింది. నేను ఊరుకోలేదు. టూరులో నేనూ అక్కడే ఉన్నానని, నా కళ్ళతో చూశానని చెప్పాను. ఎక్స్‌టర్నల్ కుర్చీ నావైపు తిప్పుకున్నాడు.

"అయితే మీరు చెప్పండి. ఇది అక్కడ బతికే జెర్రేనా, వచ్చి పడిందా?"

అవును, అక్కడ బతికేదే అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఆ పిల్ల కళ్ళలో ఆ ముక్క కోసమే ఎదురుచూపు. కానీ నాకు రిబ్బను గుర్తొచ్చింది, నల్లా నీళ్ళు గుర్తొచ్చాయి, వంటుప్పు గుర్తొచ్చింది. తెలియనిదాన్ని తెలుసని క్లాసులో ఎవరైనా అంటే నేనే నిలబెట్టి కడిగేదాన్ని.

"తెలియదు సార్," అన్నాను.

"మీకే తెలియనిదానికి నన్ను మార్కులు వెయ్యమంటారా? పైగా టూరుకు వచ్చినవాళ్ళకే తెలిసే జాడీ తెచ్చి పరీక్షలో పెట్టారు. రానివాళ్ళ గతేమిటి?"

ఆయన అన్న రెండు మాటలూ న్యాయంగానే ఉన్నాయి. అయినా సరే ఎక్కడో అన్యాయం జరుగుతోందనిపించింది. సైన్సులో చూసినదానికి విలువ లేకపోతే ల్యాబులెందుకు అని గొంతు పెంచాను. హెడ్డు పరుగెత్తుకొచ్చి, "సార్, బిర్యానీ చల్లారిపోతోంది, లేవండి" అని ఆయన్ను లేపుకుపోయాడు. పోతూ పోతూ నన్ను చూసిన చూపుకు నాకు ఆ పూట అన్నం దిగలేదు.

తప్పు కాదు, ఒప్పు కాదు

ఆ జాడీకి సున్నా పడింది. ఫిలోమిన ప్రాక్టికల్‌లో తప్పింది. కొద్ది మార్కుల్లోనే. కాన్వెంటులో ఇంకొకమ్మాయిని తీసుకున్నారు. సిస్టర్ దగ్గరికి పోయి బతిమాలాను. బడి తెరిచాక క్లాసు ఖాళీగా పెట్టలేం కదమ్మా అన్నారు. అదీ న్యాయమే.

ఆ తల్లి కాలేజీకి వచ్చింది. స్టాఫ్‌రూములోకి రాకుండా వరండాలో గోడకానుకుని కూర్చుంది.

"ఏం దప్పు రాసింది టీచరమ్మా నా బిడ్డ?"

"తప్పు రాయలేదు అక్కా."

"మరి ఒప్పు రాసినట్టే గద?"

"ఒప్పని కూడ చెప్పస్తలేదు. ఎవలకూ తెల్వది."

"ఎవలకూ తెల్వంది పరీక్షల ఎందుకడుగుతరమ్మా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. నాకు ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను కూడా. ఆమె నన్ను ఊరుకోబెట్టి బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. నేనే ఊరుకోబెట్టాల్సిన మనిషి నన్ను ఊరుకోబెట్టిందే అని ఇంటికి పోయేదాకా గుంజాటన.

కొన్ని నెలలకు సప్లిమెంటరీ పరీక్ష పెట్టారు. నన్ను ల్యాబు వైపే రావద్దన్నాడు హెడ్డు. స్పాటర్లు ఆయనే పెట్టాడు. ఈసారి ఫిలోమిన పాసైంది. ఊపిరి పీల్చుకున్నాను గానీ కాన్వెంటు జాగా పోయింది పోయిందే. కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా చేసి, చివరికి మేడారం పోయే బస్సు దారిలో ఏడో తరగతి దాకానే ఉన్న ఒక చిన్న మిషన్ బడిలో చేరిందని విన్నాను.

లావు పుస్తకం

ఎనభైల్లో నన్ను వేరే ఊరికి ఒక ట్రైనింగు కోర్సుకు పంపారు. అక్కడి లైబ్రరీలో జెర్రుల మీద ఒక లావు పుస్తకం దొరికింది. ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. సముద్రపొడ్డునే బతికే జెర్రులున్నాయట. రాళ్ళ కింద, కొట్టుకొచ్చిన నాచు కింద ఉంటాయి. నీళ్ళు ముంచినా చాలాసేపు ఓర్చుకుంటాయి. ఒడ్డు పురుగుల్ని తిని బతుకుతాయి. విశాఖలో మేము చూసింది ఆ జాతేనని పుస్తకం చెప్పలేదు, నేనూ చెప్పలేను. కానీ అట్లాంటివి ఉన్నాయి. ఆ పిల్ల రాసింది జరగని పని కాదు. లైబ్రరీలో మాట్లాడకూడదు కనుక బయటికి పోయి, తెలియని ఒక లెక్చరరుకు ఈ కథంతా చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు.

తిరిగొచ్చాక ఆ పేజీ చేత్తో రాసుకుని ఫిలోమిన బడికి పోయాను. ఆమె ఏడో తరగతి పిల్లలకు ఏదో రాయించి, వాళ్ళను ఆటకు వదిలి నా దగ్గరికొచ్చింది. కొంచెం ఒళ్ళు చేసింది, నవ్వు మారలేదు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, కాగితం రెండుసార్లు చదివింది.

"మంచిగున్నది మేడం. అయితే అది నిజంగనే ఆడ ఉండేదన్నట్టు."

"ఉండొచ్చు. నువ్వు రాసింది తప్పని ఎవలూ అనలేరు."

"గంత దూరం నుంచి గిది చెప్పనీకి వచ్చిండ్రా?" అని నా చెయ్యి పట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "మేడం, సప్లిమెంటరీల గదే జాడి పెట్టిండ్రు, మీకు తెల్సా?"

నాకు తెలియదు. హెడ్డు ఆ జాడీని మళ్ళీ ముట్టుకుంటాడనే అనుకోలేదు.

"ఏం రాసినవ్?"

"తడి మట్టి, ఆకుల కింద. భూమి మీద బతుకుతది, నీళ్ళల్ల మునిగితే సస్తది అని రాసిన. నిండ మార్కులేసిండ్రు."

"తెలిసే రాసినవా?"

"తెల్వకనా మేడం," అని కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

నల్లబల్ల వైపు చూశాను. ఆ పూట పాఠం కీటకాలు, పురుగుల మీదే. జెర్రి బొమ్మ వేసి ఉంది. కింద చక్కటి అక్షరాలతో 'నివాసం: తడి మట్టి' అని ఉంది.

"వీళ్ళకన్నా చెప్పు," అన్నాను.

"ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉంటది గద మేడం. ఇప్పుడు చెప్తే గదే రాస్తరు. తప్పుతరు. పాసైనంక చెప్త."

బయట గంట కొట్టారు. పిల్లలు లోపలికి తోసుకొస్తున్నారు. ఆమె లేచి చాక్‌పీస్ అందుకుని, నావైపు తిరిగింది.

"పాసైనంక వీళ్ళు ఈడ ఉండరు గద మేడం," అంది.